రాజుగారి కంచం

డెబ్బైల్లో నేను రాజుని. సోమవారం నుంచి శుక్రవారం దాకా పటమటలో ఒక మిషన్ స్కూల్లో పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి, శనాదివారాల్లో కిరీటం పెట్టుకునేవాణ్ణి. కిరీటం అట్టది. దానిమీద అంటించిన బంగారు కాగితం ఒక పక్క లేచిపోయి ఉండేది గనుక, ఆ పక్క జనానికి కనబడకుండా తల తిప్పి నిలబడడం నాకు అలవాటైపోయింది. ఫోటోల్లో ఇప్పటికీ అలాగే నిలబడతానని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది.

నాకు ఆ వేషం గొంతును చూసి ఇచ్చారు. ఆ గొంతు చర్చిలో తయారైంది. హనుమాన్ జంక్షన్ పక్క పల్లెలో, మా పేటలో ఉన్న తాటాకు చర్చిలో మైకు లేకుండా చివరి వరస దాకా వినబడేలా పాడడం చిన్నప్పుడే వచ్చింది. పద్యానికి కావలసిందీ అదే. నాన్న లేడు. అమ్మ నాట్లకీ కలుపులకీ వెళ్లి నన్ను ట్రెయినింగ్ దాకా చదివించింది. కొడుకు మేష్టరయ్యాడని ఒక సంతోషమైతే, కొడుకు రాజు వేషం వేస్తున్నాడని ఇంకో సంతోషం. రెండో దాన్నే ఎక్కువ చెప్పుకునేది.

మా నాటక సమాజాన్ని నడిపేది ఒక కాలేజీ లెక్చరరు గారు. అందరం మాస్టారు అనేవాళ్లం. బ్రాహ్మణులు. జంధ్యం తీసేసి చాలా ఏళ్లయిందని ఆయనే చెప్పేవారు, కొంచెం తరచుగానే చెప్పేవారు. మంచి మనిషి. మా గదికి వచ్చి నా గ్లాసులో టీ తాగిన మొదటి పెద్దకులం మనిషి ఆయనే. కూలి రేట్ల మీద, కౌలు మీద కొత్త నాటకాలు రాసేవారు. పాత పురాణాల్ని తిరగేసి రాసేవారు. అన్నిటికన్నా పేరొచ్చింది సత్యం కోసం రాజ్యం పోగొట్టుకుని కాటికాపరి కొలువులో చేరే రాజు కథ. మాస్టారి నాటకంలో హీరో రాజు కాదు, ఆ రాజును పనిలో పెట్టుకున్న కాటికాపరి. ఆ వేషం ఆయనదే. ఒంటికి బొగ్గూ బూడిదా పూసుకుని, గోచీ పెట్టుకుని, కర్ర పట్టుకుని వస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. నేను ఆయన ముందు చేతులు కట్టుకుని పద్యం అందుకునేవాణ్ణి. వన్స్‌మోర్‌లకు పాడకూడదని మాస్టారు గట్టిగా చెప్పారు. జనం అడిగితే నేను మాత్రం కాదనేవాణ్ణి కాదు.

సమాజానికి ఒక నియమం ఉండేది. నటుల పేర్లు చెప్పకూడదు. మా పేర్లలోనే కులం తెలిసిపోతుంది, పేరు తెలిశాక జనం నాటకం చూడరు, కులాన్నే చూస్తారు అనేది మాస్టారి వాదన. అందుకని మైకులో రాజు, రాణి, కాటికాపరి అనే పరిచయం చేసేవాళ్లు. ఈ నియమం అందరికంటే నాకే ఎక్కువ నచ్చింది. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఆఖర్న మాస్టారు వేషంలోనే స్టేజీ అంచుకు వచ్చి జనంతో మాట్లాడేవారు. రాజు కొన్నాళ్లు కాటికాపరి అయితే మీరు ఏడ్చారు, నేను తరతరాలుగా కాటికాపరిని, నా కోసం ఎవరేడుస్తారు అనేవారు. తర్వాత కర్ర పక్కన పెట్టి, "నేను మీ ఊరి చివర ఉండేవాణ్ణే. రేపు మీ ఇంటికొస్తే నన్నెక్కడ కూచోబెడతారు?" అని అడిగేవారు. తెర పడేది. ఆ ప్రశ్నకు ఏ ఊళ్లోనూ జవాబు రాలేదు.

కంకిపాడు అవతల ఒక ఊళ్లో వచ్చింది.

ఆ ఊళ్లో రెండు రోజుల ప్రోగ్రాం. మొదటి రోజు రాజు నాటకం, రెండో రోజు కూలి రేట్ల నాటకం. మొదటి రోజు బ్రహ్మాండంగా జరిగింది, రెండు పద్యాలు మళ్లీ పాడించుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం ప్రెసిడెంటుగారింట్లో మాకు భోజనాలు. ఆయన పని మీద బెజవాడ వెళ్లారు. వాళ్లమ్మగారు, డెబ్బై దాటిన పెద్దావిడ, అన్నీ తనే చూసుకుంటున్నారు. ముందు రోజు నాటకం మొదటి వరసలో కూర్చుని చూసి, కొంగుతో కళ్లొత్తుకుంది ఆవిడే.

నన్ను గుమ్మంలోనే గుర్తుపట్టింది. "రండి రాజుగారూ" అని నవ్వి, నా కాళ్లకు చెంబుతో నీళ్లిప్పించి, హాల్లో వరసకు మొదట పీట వేయించింది. మిగతా వాళ్లకు అరిటాకులు వేశారు. నాకు మాత్రం లోపల్నుంచి ఒక కంచం తెచ్చింది. కంచుది, పెద్దది. వాళ్లాయన తిన్న కంచమనీ, ఆయన పోయాక బయటికి తియ్యలేదనీ చెప్పింది.

మాస్టారు ఏదో మాట్లాడుతూ నా వెనకే గుమ్మం ఎక్కబోయారు. రాత్రి విన్న గొంతును బట్టి పోల్చుకుని పెద్దావిడ ఆపింది. కోపంగా కాదు, ఎంతో ఆదరంగా.

"నువ్విక్కడ, అరుగు మీద కూచో నాయనా. ఎక్కడ కూచోబెడతారని రాత్రి అడిగావుగా. మా ఇంట్లో మీవాళ్లు అరుగెక్కడం ఇదే మొదలు."

నాటకం వాళ్లు నిజంగానే ఒక కాటికాపరిని తెచ్చి ఆ వేషం వేయించారనుకుంది ఆవిడ. పేర్లు చెప్పకపోతే మరేమనుకుంటుంది? రాజు వేషం వేసినవాడు రాజులాంటి వాడనుకుంది. ఆవిడ కళ్లలో గర్వం కనబడింది, తను పెద్ద పనే చేశానన్న గర్వం. ఆ ఊరి లెక్కలో నిజంగా పెద్ద పనే.

నేను లేవబోయాను. మాస్టారు కిటికీలోంచి నా వంక చూసి, కూర్చోమని చేత్తో సైగ చేశారు. నవ్వుతున్నారు. తన నటన అంత బాగుందన్న సంతోషం ఆ నవ్వులో ఉంది. మావాళ్లు కూడా కిసుక్కున నవ్వారు. సరే, మాస్టారే నాటకం సాగించమంటున్నారని నేనూ కూర్చున్నాను. మా అమ్మ నాకు చిన్నప్పుడు నేర్పిన మొదటి పాఠం, రైతుల ఇంటికెళితే రమ్మనందే గడప దాటొద్దని. ఇక్కడ రమ్మన్నారు, పీట వేశారు. ముద్దపప్పులో నెయ్యి కమ్మగా ఉంది. గుమ్మడికాయ పులుసు పోసి, ఇంకొంచెం వెయ్యనా అని పెద్దావిడ పక్కన కూర్చుని అడుగుతుంటే వెయ్యమన్నాను. గరిటె నా కంచానికి తగులుతోంది. ఆ చప్పుడు నాకు బాగుంది. ఎంత బాగుందో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు ముడుచుకుపోతుంది.

నేను పెరుగన్నంలో ఉండగానే మాస్టారి భోజనం అయిపోయినట్టుంది. ఆయన లేవబోతుంటే పెద్దావిడ గుమ్మం దగ్గరికెళ్లింది. అదే ఆదరంతో చెప్పింది.

"ఆకు నువ్వే తీసెయ్యి నాయనా. ఆ మూల చెంబుంది, కూచున్న చోట నీళ్లు చల్లి వెళ్లు."

తర్వాత మాస్టారి గొంతు వినబడింది. స్టేజీ మీద ఎప్పుడూ వినని గొంతు.

"అమ్మా, మేం బ్రాహ్మలం."

ఆయన అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. మాకెవరికీ వేషాన్ని బట్టి కులం ఉండదనీ, నాటకం వేరూ మనిషి వేరూ అనీ గబగబా చెప్పుకుపోతూ, "లోపల రాజు వేషం వేసినతను క్రిస్టియన్, మిషన్ స్కూల్లో మేష్టరు" అన్నారు.

ఆ పక్క ఊళ్లలో క్రిస్టియన్ అంటే అర్థం ఒకటే. పెద్దావిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. నన్ను చూసి, కంచాన్ని చూసింది. నా చెయ్యి పెరుగులో ఉంది. మావాళ్లంతా ఆకుల్లోకి తలలు వంచుకున్నారు. నవ్వినవాళ్లలో ఒక్కడూ నోరు విప్పలేదు.

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకూ కోపం వచ్చేది, కోపం వస్తే బతికిపోయేవాణ్ణి. ముందు మాస్టారి దగ్గరికెళ్లి చేతులు పట్టుకున్నంత పని చేసింది, తెలియక పాపం మూటగట్టుకున్నాను బాబుగారూ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత లోపలికొచ్చి, "తినేటప్పుడు లేవకూడదు, తినబ్బాయ్" అంది. గారు పోయింది. మజ్జిగ తెచ్చింది. ఇందాక నా కంచం అంచుకు గరిటె ఆనించి వడ్డించిన మనిషి, ఈసారి నిలబడి పైనుంచి పోసింది. మజ్జిగ చింది నా చొక్కా మీద పడింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు, చాలని కూడా అనలేదు. కంచం నిండి నేల మీదికి కారింది.

ఆ సిగ్గు ఎలాంటిదో చెప్పడానికి ఇన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నాను. నేను అబద్ధం చెప్పలేదు. రమ్మంటే వెళ్లాను, కూర్చోమంటే కూర్చున్నాను. సిగ్గుపడాల్సింది ఆకు తియ్యమన్న ఆవిడ, లేదా చెప్పిన మాస్టారు, లేదా తలలు వంచుకున్న మావాళ్లు. వాళ్లెవరికీ రాని సిగ్గు నాకెందుకొచ్చిందని నామీద నాకే మండుతుంది. అయినా వచ్చింది. దొంగతనం చేస్తూ దొరికినవాడిలా చెవులు వేడెక్కిపోయాయి. నన్ను చదివించిన అమ్మ, ఆవిడ కూలి డబ్బులు, నా ట్రెయినింగు, నా పద్యాలు, అన్నీ ఆ కంచంలో ఎంగిలయిపోయినట్టనిపించింది.

కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లాను. బోరింగు దగ్గర కడిగాను. రెండుసార్లు బూడిదతో తోమాను. తెచ్చి ఇవ్వబోతే ఆవిడ చెయ్యి చాచలేదు.

"నువ్వే తీసుకెళ్లు నాయనా. ఉంచుకో. బాగా పాడావు."

మావాళ్లు ఆ మాటను పట్టుకుని గండం గట్టెక్కారు. అందరికీ ఒక్కసారిగా నోళ్లు వచ్చాయి. రాజుగారికి సన్మానం జరిగిందన్నారు, ఏ ఊళ్లోనూ ఇంత గౌరవం జరగలేదన్నారు. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. నేను నవ్వి ఆవిడకు నమస్కారం పెట్టాను. ఆ నమస్కారం మాత్రం నా బతుకులో మరిచిపోలేను.

ఆ రోజు నాటకం ఆగలేదు. పెద్దావిడ మళ్లీ మొదటి వరసలో కూర్చుంది. మనుషులంతా ఒకే పంక్తిలో కూర్చునే రోజు రావాలని మాస్టారు డైలాగు చెబితే ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది, ఆవిడ కూడా కొట్టింది. పక్కన కరణం వేషంలో నేను నిలబడి ఉన్నాను. మాస్టారు ఆ డైలాగు నా వైపు తిరిగి చెప్పాలి. జనం వైపు తిరిగి చెప్పారు.

తిరిగొచ్చేటప్పుడు వ్యాన్లో నా పక్కకొచ్చి కూర్చున్నారు. "ఆకు తియ్యమనేసరికి నాకేమైందో నాకే తెలీలేదయ్యా" అన్నారు. ఏడుస్తారేమోనని భయమేసి, పర్లేదు లెండి మాస్టారూ, తెలియక జరిగింది అని నేనే ఓదార్చాను. పటమట వచ్చేదాకా ఓదారుస్తూనే ఉన్నాను. తప్పెవరిదైనా ఓదార్చే పని మాత్రం నాకే పడింది. ఇప్పుడైతే ఓదార్చను.

ఆ కంచం గదిలో పెట్టుకోలేకపోయాను, పారెయ్యలేకపోయాను. అమ్మకు ఇచ్చాను. ప్రెసిడెంటుగారింట్లో వాళ్లమ్మగారు నా పాట విని సన్మానం చేశారని చెప్పాను. ఏం జరిగిందో అమ్మకు తెలియకూడదు, నాకు కావలసింది అదొక్కటే. రాజు వేషం చూసి పొంగిపోయిన మనిషికి, ఆ రాజుకు మజ్జిగ ఎలా పోశారో చెప్పడం నా వల్ల కాలేదు.

అమ్మ దాన్ని చింతపండుతో తోమి ట్రంకుపెట్టె మీద నిలబెట్టింది. పేటలో అందరినీ పిలిచి చూపించింది. పాస్టరమ్మగారికి చూపించింది. మావాడి పాటకు రైతులు ఇచ్చిన కంచం అని చెబుతుంటే నేను ఏదో పనున్నట్టు బయటికి వెళ్లిపోయేవాణ్ణి. నాటకాలు మానేశాక కూడా ఆ కంచం అక్కడే ఉంది. అమ్మ అందులో ఎప్పుడూ తినలేదు, ఎవరికీ పెట్టలేదు. అపురూపం కాబోలు అనుకున్నాను.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు, ఇంకో ఇద్దరు మా ఇంటికి భోజనానికి వచ్చారు. కంచాలు చాలలేదు. నేను వెళ్లి ట్రంకుపెట్టె మీది కంచం తీశాను. అమ్మ నా చేతిలోంచి దాన్ని లాక్కుని యథాస్థానంలో పెట్టి, తన కంచం పాస్టరుగారికి వేసింది. తను తర్వాత సత్తుగిన్నెలో తింది.

వాళ్లు వెళ్లాక అడిగాను, అంత అపురూపమేమిటి, కంచం ఉన్నది తినడానికే కదా అని. అమ్మ కంచం ఒళ్లో పెట్టుకుంది. ఆదివారం బడిలో బైబిలు కోసం కూడబలుక్కుని నేర్చుకున్న చదువు ఆవిడది. అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ ఆ ఇంటి పెద్దాయన పేరు చదివింది.

"మొగుడి పేరున్న కంచం ఏ ఆడదైనా ఊరికే ఇచ్చేస్తదేంట్రా?"

ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. తెచ్చిన రోజునే చదివానంది. మరి ఊరందరికీ సన్మానమని ఎందుకు చెప్పావని అడిగాను.

అమ్మ కంచం కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టె మీద నిలబెట్టింది. నా వైపు చూడలేదు.

"నువ్వట్టా చెప్పావుగా నాయనా. అందుకని నేనూ అట్టానే చెప్పా."