కప్తానుకి నాన్న చూపిన సిగ్నల్

ఎవరైనా దయ్యాల ఊసెత్తితే నేను టీ పెట్టే వంకతో లేచి వెళ్ళిపోతాను. రాయపూర్ రైల్వే ఆసుపత్రిలో నర్సుగా ఉద్యోగం చేసిన రోజుల్లో చాలా ఏళ్ళు నా డ్యూటీ గది మార్చురీ పక్కనే ఉండేది. ఏ శవమూ లేచి వచ్చి నన్ను టైమెంతయిందని అడగలేదు. అందుకని ఇది దయ్యం కథ అనుకుని చదవకండి. నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఎనభైల చివర్లో ఆదివారం పొద్దున టీవీలో ఒక హిందీ సీరియల్ వచ్చేది. అంతరిక్షంలో దారి తప్పిన ఓడ, దాన్ని ఇంటికి తీసుకురావాలని చూసే కప్తాను. ఓడంతా అట్టముక్కలేనని చూస్తేనే తెలిసిపోయేది. కప్తాను వేషం వేసినాయనకు మాత్రం మా రైల్వే కాలనీ మొత్తం దాసోహమంది. ప్రతి భాగం చివర ఆయన మనవైపు చూసి కుడి పిడికిలి గుండెకి ఆనించేవాడు. అంతే, అయిపోయేది.

మా క్వార్టర్లో టీవీ ఉండేది కాబట్టి ఆ గంటా మా ఇల్లు ప్లాట్‌ఫారమే. పక్క ఊరు తిల్దా నుంచి కూడా ప్యాసింజర్ బండి ఎక్కి వచ్చేవాళ్ళున్నారు. మావాళ్ళు, అంటే కాలనీలో ఉన్న తెలుగు క్రైస్తవులు, చర్చిలో రెండో ఆరాధన ఎగ్గొట్టి మరీ వచ్చేవాళ్ళు.

మా నాన్న గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. బండి స్టేషన్ దాటేటప్పుడు గార్డు ఆకుపచ్చ జెండా చాపుతాడు, ప్లాట్‌ఫారం మీదున్నవాళ్ళు కూడా చాపాలి. బండి క్షేమంగా ఉందని ఒకరికొకరు చెప్పుకోవడమన్నమాట. ఇటు నుంచి చూపించి అటు నుంచి బదులు రాకపోతే గార్డుకి ప్రాణం కుదుటపడదు. నా చిన్నప్పుడు ఆయన బండి మా క్వార్టర్ల వెనక నుంచి పోయేది. నాన్న జెండా చాపేవాడు, నేను పెరట్లో నిలబడి చెయ్యి చాపేదాన్ని. ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఆ అలవాటు ఎక్కడికి పోతుంది! కప్తాను గుండెకి పిడికిలి ఆనించగానే నాన్న కుర్చీలో నిటారుగా కూర్చుని చెయ్యి బారుగా చాపేవాడు. జనం నవ్వేవాళ్ళు. "నవ్వండ్రా నవ్వండి. అవతలోడు సిగ్నలిచ్చాక బదులివ్వకపోతే ఎలా?" అనేవాడు.

తర్వాత నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది, మాట పోయింది. అప్పటికే అమ్మ లేదు, నాకున్నది నాన్న ఒక్కడే. మందులు మింగించాలంటే నేను బతిమాలాలి. ఆదివారం మాత్రం ఎవరూ చెప్పకుండానే గడ్డం గీయించుకోవడానికి మొహం ముందుకు పెట్టేవాడు. ఆయన్ని బతికిస్తున్నది మందులా కప్తానా అంటే నర్సునైనా నేను చెప్పలేను.

ఒక శుక్రవారం పేపర్లో వార్త వచ్చింది. కప్తానుగా వేసినాయన జబ్బుచేసి పోయాడట.

నేను చేసిన మొదటి పని పేపరు పరుపు కింద దాచెయ్యడం. రెండోది టీవీ ప్లగ్గు పీకెయ్యడం. నాన్నతో టీవీ చెడిపోయిందని చెప్పాను. ఈ వార్త వింటే ఆయన నాకు దక్కడని నా భయం. రోగుల దగ్గర ఎన్ని అబద్ధాలు చెప్పానో గానీ, ఇంత భయపడుతూ చెప్పింది అదొక్కటే.

కాలనీ ఊరుకుంటేనా! మావాళ్ళలో ఎవరైనా పోతే మూడోనాడు ఆదరణ కూడిక పెడతారు. పాటలు పాడి, పోయినవాళ్ళ గురించి ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పి, ఇంటివాళ్ళని ఓదారుస్తారు. రిటైర్డ్ డ్రైవరు ఐజాక్ అంకుల్, కప్తానుకీ కూడిక పెట్టాల్సిందేనని పట్టుబట్టాడు. చనిపోయినాయన మన సంఘస్థుడు కాదు, అసలు మన మతమే కాదు అన్నారు పాస్టరుగారు.

"మన సంఘంలో ఆయనంత టంచనుగా ఆదివారం వచ్చేవోడు ఇంకొకణ్ణి చూపించండి అయ్యగారూ, మానేస్తాను" అన్నాడు అంకుల్.

బొంబాయిలో ఉన్న ఆయన ఇంటివాళ్ళని ఎలా ఓదారుస్తారని నేనడిగాను. "ఇంటివాళ్ళం మనం కాదేటే అమ్మడూ?" అన్నాడు.

ఆదివారం సీరియల్ వేళకి మా వరండాలోనే చేరారు. నేను వద్దన్నా వినలేదు. పత్రికలోంచి కత్తిరించిన ఫొటోకి బంతిపూల దండ. మావాళ్ళు కొవ్వొత్తి పెట్టారు, మిగతావాళ్ళు అగరుబత్తి వెలిగించారు. నేను నాన్నని లోపలి గదిలో పడుకోబెట్టి తలుపు మూశాను. నేను వార్త దాచిన సంగతి పక్కింటి ఫూల్‌బాయికి తెలియదు. ఆమె ఏడుస్తూ నేరుగా నాన్న దగ్గరికే వెళ్ళిపోయింది. "హమర్ కప్తాన్ చల్ దిస్, గార్డ్ బాబూ!" మన కప్తాను వెళ్ళిపోయాడు అని.

నేను పరుగెత్తుకెళ్ళేసరికి నాన్న ఏడవడం లేదు. కళ్ళతో టీవీ ఉన్న గది వైపు చూపిస్తున్నాడు. ఇద్దరం పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. టీవీ తెర నల్లగా ఉంది, ప్లగ్గు కింద వేలాడుతోంది. బయట పాట అవుతోంది.

సరిగ్గా సీరియల్ అయిపోయే సమయానికి నాన్న ఎడమ చెయ్యి ఎత్తాడు. మోచేయి దగ్గర చెయ్యి మడతపడి ఆగింది, వణికింది. ఆ తర్వాత మెల్లగా బారుగా చాపాడు. చూపు తెర మీదే. బదులు కోసం చూస్తున్నాడని నాకు అర్థమైంది.

వరండాలోంచి అందరూ తొంగిచూస్తున్నారు. నాకు సిగ్గేసింది, భయమేసింది, కోపం కూడా వచ్చింది. "నాన్నా, టీవీ ఆపేసుంది. దించు" అన్నాను. ఆయన దించలేదు. నేనే పట్టుకుని దించేశాను.

నాన్న నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పుడు తలుచుకున్నా నాకు అన్నం సయించదు. అప్పుడు నేను ఎదురుగా నిలబడి చెయ్యి చాపితే సరిపోయేది. పెరట్లో వందలసార్లు చాపినదాన్నే కదా! ఆ ముక్క నాకు తోచలేదు.

గురువారం మధ్యాహ్నం నాన్న పోయాడు.

మూడు వారాల తర్వాత కప్తాను ఆఖరి భాగం వేశారు. ఆయన ఆసుపత్రిలో చేరకముందే తీసిందని భాగం మొదట్లో టీవీవాళ్ళు చెప్పారు. నాకు చూడాలని లేదు. ఐజాక్ అంకులే ప్లగ్గు పెట్టాడు. నాన్న కుర్చీ ఖాళీగా వదిలి అందరూ నేల మీద కూర్చున్నారు.

కథలో ఓడ ఇల్లు చేరింది. కప్తాను కిటికీ దగ్గర నిలబడ్డాడు. పిడికిలి ఎప్పుడు గుండెకి ఆనిస్తాడా అని మేమంతా చూస్తున్నాం. ఆనించలేదు. కుడిచెయ్యి పక్కకి వేలాడుతూనే ఉంది. ఎడమచెయ్యి లేచింది. మోచేయి దగ్గర మడతపడి ఆగి, వణికి, మెల్లగా బారుగా చాచుకుంది. ఆయన మా ఎవరివైపూ చూడలేదు. కొంచెం కిందికి, కుర్చీలో కూర్చున్న మనిషి మొహం ఉండే ఎత్తుకి చూశాడు. "మిల్ గయా" అన్నాడు. అందింది అని.

మొదట అరిచింది ఫూల్‌బాయి. "ఏ తో గార్డ్ బాబూ కే హాథ్ ఆయ్!" ఇది గార్డ్ బాబు చెయ్యే అని. జెండాల సంగతి, సిగ్నళ్ళ సంగతి ఆమెకేమీ తెలియదు. ఆ ఆదివారం నాన్న చెయ్యి ఎత్తినప్పుడు నా పక్కన ఉన్న మనిషి ఆమె ఒక్కతే. ఐజాక్ అంకుల్ లేచి నిలబడి చెయ్యి చాపాడు. నేను మాత్రం చాపలేకపోయాను. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఆ తర్వాత నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. అంతరిక్షంలో తిరిగే మనిషి సిగ్నల్ అందిందనడంలో వింతేముంది? జబ్బుమనిషి, కుడిచెయ్యి లేవలేదేమో. మోచెయ్యి దగ్గర ఆగడం యాదృచ్ఛికమేమో. టీవీవాళ్ళకి ఉత్తరం రాసి అడిగాను. జవాబుగా ఆయన సంతకం చేసిన ఫొటో ఒకటి వచ్చింది, అంతే. ఒక్కొక్కదానికీ కారణం చెప్పగలను. అన్నీ కలిపి చెప్పమంటే నా వల్ల కాదు.

పదేళ్ళకి ఆ సీరియల్ మళ్ళీ వేశారు. దుఃఖంలో ఏదో ఊహించుకుని ఉంటాను, ఇప్పుడు పిడికిలే కనిపిస్తుందిలే అనుకుని, డ్యూటీకి సెలవు పెట్టి ఒక్కదాన్నే కూర్చున్నాను. ఎడమచెయ్యే లేచింది. అక్కడే ఆగింది.

నేను లేచి నాన్న కుర్చీ పక్కన నిలబడి చెయ్యి చాపాను. బదులిచ్చింది కప్తానుకో నాన్నకో నాకు తెలియదు. పేర్లన్నీ పడిపోయి, వార్తలు మొదలయ్యాక కూడా దించలేదు.