వెండెలీన్ నడుమున బరువు

మా పబ్బులో ఎవరి దగ్గర పిస్తోలు ఉందో తెలుసుకోవడానికి ఎవర్నీ తడిమి చూడక్కర్లేదు. గ్లాసు చూస్తే చాలు. బీరు తాగుతున్నాడంటే నడుము ఖాళీ. ఎర్ర సోడా తాగుతున్నాడంటే కోటు కింద పిస్తోలు ఉన్నట్టే. పిస్తోలు పెట్టుకున్నవాడు చుక్క కూడా ముట్టకూడదని మా దగ్గర చట్టం. దొరికితే లైసెన్సు పోతుంది, దాంతో పిస్తోలూ పోతుంది. అది ఎవరికీ కనపడకుండా కోటు కింద దాచుకోవాలని కూడా ఆ చట్టంలోనే రాశారు. అంత జాగ్రత్తగా దాచి, మా ఊళ్ళో సోడా గ్లాసు పట్టుకుని కూర్చుంటే అది దాచినట్టా, దండోరా వేసినట్టా? అది రాసిన మహానుభావుడు ఏనాడూ చెక్ దేశంలో మా మొరావియా వైపు వచ్చి ఉండడు.

ఆ ఎర్ర సోడా ఇరవై రెండేళ్ళు తాగినవాడు మా మరిది వెండెలీన్. నా చెల్లెలు అపోలెనా మొగుడు. బ్రోద్ ఊళ్ళో పిస్తోళ్ళ ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆకురాయి పట్టాడు. ఆ వేళ్ళు ఎప్పుడూ నూనె వాసనే. పెళ్ళికెళ్ళినా, చావుకెళ్ళినా, చర్చికెళ్ళినా అదే వాసన.

ఆయన పిస్తోలు చిన్నదే. కోటు కింద ఎక్కడుందో కనపడదు. కానీ ఒళ్ళంతా ఉక్కు. గుళ్ళు పెడితే కిలో పైమాటే. అదే అచ్చులో అల్యూమినియం ఒంటిది వచ్చి ఎన్నేళ్ళయిందో! కుర్రాళ్ళంతా అదే కొనుక్కున్నారు. ఈయన మాత్రం ఆ బరువు మోస్తూ, ప్యాంటు పైకి లాక్కుంటూ తిరిగేవాడు.

"ఏం మరిదీ, ఆ తేలికదేదో కొనుక్కోరాదూ? ఏదో ఒకరోజు నడిబజారులో ప్యాంటు జారి మా పరువు తీస్తావు" అనేదాన్ని.

"బరువుండాలి వదినా. బరువు లేకపోతే, ఉందో లేదో మర్చిపోతాం."

"అపోలెనా పుట్టినరోజు కూడా మర్చిపోతున్నావుగా. దాన్ని కూడా నడుముకి కట్టుకో."

"అంత పొడుగు బెల్టు దొరకలేదు వదినా!"

వంటింట్లోంచి తడిగుడ్డ వచ్చి ఆయన మొహానికి తగిలేది. మా చెల్లెలి గురి అలాంటిది. ఈయనేమో ఇరవై రెండేళ్ళలో శనివారం శనివారం కాగితం బొమ్మని తప్ప దేన్నీ కాల్చలేదు.

కాల్చడం మీద కన్నా దాన్ని సవరించుకోవడం మీదే ఆయనకి మోజు. కొత్తలో దాని అంచులు చొక్కాల్ని చింపేసేవి. "నాకు కుట్టే ఓపిక లేదు, నువ్వో నీ పిస్తోలో ఒకరు ఇంట్లోంచి బయటికి నడవండి" అని అపోలెనా రంకె వేసింది. ఆ చలికాలమంతా ఆయన కిటికీ పక్కన కూర్చుని ఒక్కో అంచునీ ఆకురాయితో అరగదీశాడు. వసంతం వచ్చేసరికి అది వాడిన సబ్బుబిళ్ళలా తయారైంది, ఎక్కడ నిమిరినా గుచ్చుకోదు. మరో చలికాలం లోపలి ముక్కలకి మెరుగు పెట్టాడు. మీట నొక్కితే ఎక్కడా పట్టుకోకుండా మెత్తగా వెళ్ళేది. ఆ తరవాత చెమట పట్టినా చెయ్యి జారకుండా పిడి ముందువైపు సన్నటి గళ్ళు చెక్కాడు. అంతా చేత్తోనే. పంతొమ్మిదో గీత దగ్గర ఆకురాయి వెంట్రుకవాసి తప్పింది. మన కంటికి ఆనదు. కానీ ఎవరైనా దాన్ని మెచ్చుకుంటే చాలు, వెంటనే "ఇదిగో, ఇక్కడ తప్పింది చూడండి" అని తనే చూపించేవాడు. అదేం మనిషో! తన తప్పు తను చూపించకపోతే నిద్రపట్టేది కాదు.

పిడికి రెండువైపులా కర్ర పలకలు సొంత పెరట్లో ప్లమ్ చెట్టువి. ఎర్రటి చారలు, తేనె రంగు.

"ప్లమ్ అనేది నా చేతికొచ్చి తలకెక్కకుండా ఉండటం ఇదే మొదటిసారి వదినా" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ తలకెక్కిన రోజులు నేను చూశాను.

మా వైపు ప్రతి ఇంట్లో ప్లమ్ సారా కాస్తారు. వెండెలీన్ కాచేది ఊళ్ళోకెల్లా బాగుండేది. ఊళ్ళోకెల్లా ఎక్కువ తాగేదీ ఆయనే. ఆయన కూతురు రొజాలియెకి ఏడేళ్ళప్పుడు చర్చిలో తొలి ప్రసాదం రోజు వచ్చింది. పిల్లకి తెల్ల గౌను, తలమీద పువ్వులు. నాన్న ఏడి అని అందరూ వెతుకుతున్నారు. చర్చి ఎదురుగా కాలవలో కొత్త సూటుతో పడి ఉన్నాడు. నేను వెళ్ళేసరికి పిల్ల ఆ తెల్ల గౌనుతోనే కాలవగట్టు మీద కూర్చుని, నాన్న వీపు మీద చెయ్యి వేసి ఉంది.

"నాన్న పడుకున్నాడు పెద్దమ్మా, అరవకు" అంది.

ఆ సాయంత్రమే ఆయన మానేశాడు. మానెయ్యడం ఒకెత్తు, మా ఊళ్ళో మానెయ్యనివ్వడం ఒకెత్తు. ఎవరింటికెళ్ళినా ముందు గ్లాసు వస్తుంది. వద్దంటే ఇంటి మీద ఉమ్మేసినట్టు. కడుపులో బాగాలేదంటే ఇదే మందు అంటారు. డాక్టరు వద్దన్నాడంటే ఆ డాక్టరు కూడా తాగుతాడంటారు. ఆరునెలల్లో నాలుగుసార్లు మళ్ళీ జారాడు. చెల్లెలు బట్టలు సర్దుకుంది కూడా.

ఒకనాడు మా పబ్బుకి పొరుగూరి వేటగాడొకడు వచ్చాడు. ఎవరో గ్లాసు పోసి ముందుకి తోశారు. అతను కోటు మీద రెండుసార్లు తట్టి, "నడుమున ఉందండీ" అన్నాడు. అంతే! గ్లాసు వెనక్కి వెళ్ళిపోయింది. ఒక్కడు ఒక్క మాట అనలేదు. మూల బల్ల దగ్గర వెండెలీన్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మర్నాడే లైసెన్సు పరీక్షకి పేరిచ్చాడు. ఊరంతా పిస్తోలు పిచ్చి పట్టిందనుకున్నారు. నాకూ అపోలెనాకీ తెలుసు, అది ఎందుకు పెట్టుకున్నాడో. పొద్దున్న లేవగానే బూట్లకన్నా ముందు అది కట్టుకునేవాడు.

అలా ఇరవై రెండేళ్ళు గడిచాయి. కిందటి ఫిబ్రవరిలో ద్రాక్షతోటలో కళ్ళు తిరిగి పడిపోయాడు. నెలలో మళ్ళీ పడ్డాడు. లైసెన్సు గడువు అప్పుడే దగ్గరపడింది. దానికి డాక్టరు సంతకం కావాలి. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. "స్పృహ తప్పే మనిషికి పిస్తోలు ఎలా ఇమ్మంటారు?" అంది. ఆవిడ తప్పేం లేదు. నేనైనా అదే అందును.

ఇహ దాన్ని పోలీసులకి ఇచ్చెయ్యాలి, లేదా లైసెన్సున్న వాళ్ళ పేరు మీదికి మార్చాలి. ముక్కూ మొహం తెలియనివాడి చేతికి వెళ్తుందంటే ఆయన అన్నం మానేశాడు. చూడలేక, అరవై ఒకటో ఏట నేను చట్టం పుస్తకం ముందేసుకున్నాను. పరీక్షలో ఆఫీసరు, "పిస్తోలు ఉన్నప్పుడు ఎంత మద్యం తాగొచ్చు?" అని అడిగాడు. "సున్నా. అనుమానముంటే మా మరిదిని అడగండి" అన్నాను. నేను ప్యాసైన రోజు ఊరంతా పబ్బుకి వచ్చి రెండు పీపాలు ఖాళీ చేశారు. వెండెలీన్ పిస్తోలు ద్రహోమీరా ఇనప్పెట్టెలోకి, అంటే నా దాంట్లోకి, వెళ్తోందని పసిపిల్లలకి కూడా తెలుసు.

దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి తెచ్చాడు. గుళ్ళు లేవని మూడుసార్లు తెరిచి చూపించాడు. ఎక్కడ నూనె చుక్క వెయ్యాలో, ఎంత వెయ్యాలో చెప్పాడు. ఇనప్పెట్టె మూశాక చెయ్యి నడుము మీదికి వెళ్ళింది. అక్కడ ఏమీ తగల్లేదు.

"వదినా, రేపట్నించి ఎవరైనా పోస్తే నేనేం చెప్పాలి?"

"తాగనని చెప్పు."

"ఎవరు వింటారు?"

నలభై ఏళ్ళుగా పోసేదాన్ని నేనే కదా. ఆ రోజు నా పబ్బంటే నాకే అసహ్యం వేసింది.

అప్పట్నించి ముందు తలుపు మానేశాడు. వెనకవైపు నించి వంటింట్లోకి వచ్చి, బంగాళాదుంపలు చెక్కు తీసి, ఎవరికీ కనపడకుండా వెళ్ళిపోయేవాడు. అలా ఎన్నాళ్ళు దాక్కుంటాడు? సెప్టెంబరులో రొజాలియె పెళ్ళి. మా పబ్బు పెరట్లోనే. మా వైపు పెళ్ళిలో అందరూ భోజనానికి కూర్చునే ముందు వియ్యంకులిద్దరూ నిలబడి ఒకే సీసాలోంచి తాగాలి. అది పెళ్ళికొడుకు పుట్టిన ఏడు కాచి దాచిన సారా. దాన్ని కాదన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

"నేను వెళ్ళి వాళ్ళతో ముందే చెప్తాను" అంది అపోలెనా.

"ఏమని? మా ఆయన తాగుబోతు అనా?" అని కసిరాడు వెండెలీన్. "అత్తారింట్లో నా పిల్ల తాగుబోతు కూతురు అనిపించుకోవాలా?" తరవాత నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. "వదినా, ఆ ఒక్కరోజుకీ ఇవ్వవూ? గుళ్ళు కూడా వద్దు."

"ఇస్తే ఇద్దర్నీ లోపలేస్తారు. పెళ్ళికి ఓత్మార్ కూడా వస్తున్నాడు, మరిచావా?" అన్నాను. ఓత్మార్ మా ఊరి పోలీసు. పిస్తోలు నా పేరు మీదికి మార్చిన కాగితాల పని దగ్గరుండి చేయించింది ఆయనే.

వెండెలీన్ తలూపి, మళ్ళీ బంగాళాదుంపలు అందుకున్నాడు. తిట్టినా బాగుండేది.

పెళ్ళిరోజు ఎండ బాగా కాసింది. ఎనభైమంది మా ఊరివాళ్ళు, నలభైమంది వాళ్ళ ఊరివాళ్ళు. పెళ్ళికొడుకు తండ్రి హినెక్ గారు మంచి మనిషి. వచ్చిన చిక్కంతా అదే. చెడ్డవాడైతే మొహం మీద కాదనెయ్యొచ్చు. ఆయన సీసాని పసిపాపని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొచ్చారు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు బావగారూ! మావాడికి బొడ్డూడకముందు కాచింది. ఈ రోజు కోసమే దాచాను" అంటూ రెండు గ్లాసుల్లో పోశారు. మూత తియ్యగానే వాసన నా దాకా వచ్చింది. అలాంటి సారా నేనూ తాగలేదు.

ఒక గ్లాసు వెండెలీన్ ఎడంచేతిలో పెట్టారు. కుడిచెయ్యి అలవాటుగా కోటు మీదికి వెళ్ళి, నడుము దగ్గర ఆగిపోయింది.

"బావగారూ... నేను..."

"ఊఁ? ఏంటండీ, ఒక్కటే కదా! పిల్లల కోసం!"

అందరి తలలూ ఇటు తిరిగాయి. అపోలెనా కళ్ళు మూసుకుంది. నేను నలభైమంది తాగుబోతుల్ని ఒక్క అరుపుతో నోరు మూయించే మనిషిని. అలాంటిదాన్ని, చేతిలో సూపు గిన్నె పట్టుకుని అలా నిలబడిపోయాను. గ్లాసు ఆయన గడ్డం దాకా వచ్చింది. గ్లాసు అంచున సారా కదులుతోంది.

రొజాలియె లేచింది. తెల్ల గౌను చేత్తో ఎత్తి పట్టుకుని, బల్ల చుట్టూ నడిచి వచ్చి, నడుము మీదున్న నాన్న చేతి మీద తన చెయ్యి వేసింది.

"నాన్న తాగకూడదు మామగారూ. నడుమున ఉంది" అంది.

హినెక్ గారు తెల్లబోయారు. "పెళ్ళిలో కూడానా అమ్మా?"

"ఎప్పుడూ ఉంటుందండీ."

ఎనభైమంది మావాళ్ళు. అది నా ఇనప్పెట్టెలో ఉందని తెలియనివాడు వాళ్ళలో ఒక్కడు లేడు. నా పీపాలు ఖాళీ చేసింది వాళ్ళే కదా! ఒక్కరు నవ్వలేదు, ఒక్కరు దగ్గలేదు. హినెక్ గారు అనుమానంగా ఓత్మార్ వైపు తిరిగారు. "ఏమండీ పోలీసుగారూ, మీరున్నారుగా. నిజమేనా?"

ఓత్మార్ కొలాచె, అదే మా జామ్ రొట్టె, తింటున్నాడు. తీరిగ్గా నమిలి మింగి, మీసాలకంటిన జామ్ తుడుచుకుని, లేచి నిలబడ్డాడు.

"నిజమేనండీ. నేను రోజూ చూస్తూనే ఉంటాను. చాలా బరువైన పిస్తోలు" అన్నాడు.

"అయ్యయ్యో!" అని హినెక్ గారు గ్లాసు లాగేసుకున్నారు. "ముందే చెప్పొద్దటండీ బావగారూ, నా మూలంగా మీ లైసెన్సు పోయేది కదా!"

"వదినా, ఒక ఎర్ర సోడా" అన్నాడు వెండెలీన్.

సూపు గిన్నె ఎవరి ఒళ్ళో పెట్టానో తెలియదు, పరుగెత్తాను. నేను సోడా తెచ్చి ఆయన చేతికి ఇచ్చేదాకా రొజాలియె ఆ చెయ్యి తియ్యలేదు.