పెట్రోల్ ముల్లు పడిపోయిన పూజ రోజు

నా చిన్నప్పుడు మా రాజపాళయం ఇంట్లో నాకంటే ఎక్కువ గారాబం మా తాతయ్య నల్ల కారుకు జరిగేది. అప్పటికే అది ముసలిది. ఇప్పుడు అలాంటివాటిని క్లాసిక్ కారు అంటూ పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. మాకు మాత్రం అది చోళపురం పొలానికీ, చుట్టాల పెళ్ళిళ్ళకూ తీసుకుపోయే బండి. నేను ముందు సీట్లో మోకాళ్ళ మీద కూర్చుని గాజు వెనకాల మీటర్ల ముళ్ళను చూస్తుండేదాన్ని. వాటిలో పెట్రోల్ ముల్లంటే నాకు వింత. ట్యాంకు వెనక డిక్కీలో ఉంటుంది, ముల్లు ముందుంటుంది. అక్కడ ఎంత ఉందో దీనికి ఎవరు చెబుతారు? తాతయ్యను అడిగితే నీకెందుకే అనేవారు.

కారు నడిపేది సత్రపట్టి నుంచి సైకిల్ మీద వచ్చే డ్రైవర్ మామ. నేను పుట్టకముందు నుంచీ మా ఇంట్లోనే పని. తాతయ్య కోపం ముక్కు మీదే ఉంటుందని తెలిసినవాడు కనుక ఆయన అరిచినప్పుడు తల వంచుకుని వినేవాడు. నేను వంద ప్రశ్నలు వేసినా విసుక్కోని మనిషి మా ఇంట్లో అతనొక్కడే.

మా వైపు ఆయుధ పూజకు ఇనుము అన్నదాన్నల్లా కడిగి, రంగు వేసి, గంధం కుంకుమ పెడతాం. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటి దాకా ఎవరూ ముట్టుకోరు. ఆ ఏడు పూజ ముందురోజు సాయంత్రం డ్రైవర్ మామ ట్యాంకు నిండా పెట్రోల్ పోయించుకుని వచ్చి, చక్రాల మూతలకు వెండిరంగు వేయమని నా చేతికి కుంచె ఇచ్చి ఇంటికి వెళ్ళాడు. మూతలు అయ్యాక రంగు మిగిలింది. మిగిలిన రంగును ఊరికే వదిలిపెట్టే పిల్లను కాను. డిక్కీ తెరిస్తే ట్యాంకు మీద ఒక గుండ్రటి బిళ్ళ, తుప్పు పట్టి దిగులుగా కనిపించింది. దానికి రెండు తీగలు ఉన్నాయి. ఒకటి బిగువుగా ఉంటే వదిలేశాను. రెండోది నల్ల తీగ. దాని మరను స్క్రూడ్రైవర్‌తో విప్పి, బిళ్ళకూ, తీగ కొసకూ, మరకూ కూడా చుట్టూరా రంగు పట్టించి, ఆరాక ఎక్కడిదక్కడ బిగించాను. చాలా ముద్దుగా వచ్చిందని మురిసిపోయాను.

మర్నాడు పనిముట్లన్నీ పూజలో చేరాయి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. తాతయ్య కారులో కూర్చుని తాళం తిప్పేసరికి పెట్రోల్ ముల్లు అడుగున పడి ఉంది.

"నిండా పోసినానని చెప్పినావు కదరా. ముల్లు సుమ్మా, ఊరికే కింద పడునా?" అన్నారు తాతయ్య.

డ్రైవర్ మామ మెల్లగా, "పోసినాను సామీ. నేను పెట్రోలేమీ ఎత్తుకోలేదు," అన్నాడు.

"కారు సావి అక్కడ పెట్టిపో. ఇంక రావద్దు."

అతను కారులోంచి తాళం చెవిని తీసి అరుగు మీద పెట్టాడు. నాకు ఏడుపు వచ్చింది. పండగ పూట, వీధిలో అందరూ చూస్తుండగా, దొంగ అనిపించుకుని అతను సైకిల్ వైపు నడుస్తున్నాడు.

అప్పుడు మా మేనత్త బయటికి వచ్చింది. శ్రీవిల్లిపుత్తూరులో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేది. అతన్ని ఆగమని చెప్పి, తాతయ్యతో, "నాయనా, నువ్వు ముల్లును అడిగినావు. ట్యాంకును అడిగినావా?" అంది. కొత్త చీపురులోంచి పొడుగాటి కొబ్బరి ఈనె లాగి, పెట్రోల్ పోసే మూత తీసి లోపలికి దించింది. బయటికి తీస్తే ఈనె ముప్పాతిక వంతు తడి. తాతయ్య దాన్ని వాసన చూశారు. అయినా తగ్గితే ఆయన తాతయ్య ఎందుకవుతారు, అట్లయితే ముల్లును చెడగొట్టింది వీడే అన్నారు.

అత్త వాదించలేదు. పనిముట్లు ముట్టుకోకూడదు గనక వంటింట్లోంచి అట్లకాడ తెచ్చింది. అరుగు మీది తాళం చెవి తెచ్చి కారులో తిప్పి ఉంచి, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, ముల్లు కదిలితే చెప్పమంది. బిగువు తీగ ఉన్న చోటు నుంచి డిక్కీ ఇనుప కీలుకు అట్లకాడ ఆనించింది. ముల్లు నిద్రలేచినట్టు మెల్లగా పైకి లేచింది. అరిచాను. అంటే ముల్లు మంచిదే, ఆ తీగా మంచిదే. తీసేస్తే మళ్ళీ పడిపోయింది. తరువాత బిళ్ళ మీద గోరంత గీకిన చప్పుడు. ఈసారి అట్లకాడను బిళ్ళకూ కీలుకూ ఆనించింది. ముల్లు మళ్ళీ లేచింది. నేను దిగి వెనక్కు పరుగెత్తాను.

"ట్యాంకులో ఒక బెండు తేలుతుంది, అదెంత ఎత్తున ఉందో ఈ బిళ్ళ కరెంటుతో ముల్లుకు చెబుతుంది. కరెంటు పోయేదానికి ఒక దారి, తిరిగి వచ్చేదానికి ఒక దారి కావాల. వచ్చే దారి ఈ నల్ల తీగ. దానికి అడ్డంగా, కరెంటు పారని రంగు ఎవరో పూసినారు," అంది అత్త.

అట్లకాడ అంచున వెండిరంగు పొట్టు మెరుస్తోంది. అన్నాళ్ళూ నన్ను వేధించిన ప్రశ్నకు జవాబు కళ్ళ ముందే ఉంది, నా తప్పు కూడా దాని పక్కనే ఉంది. నేను అత్త వెనక్కు జరిగాను. ఎవరు పూసినారని తాతయ్య అడిగారు. డ్రైవర్ మామ నా ముఖం చూశాడు. చూసి, "నేనుదాన్ సామీ. నేనే పూజకు బాగుండాలని పూసినాను," అన్నాడు.

ఒక నింద తుడిచి ఇంకా అరగంట కాలేదు, ఇంకొకటి నెత్తిన వేసుకున్నాడు. తాతయ్య నోరు తెరిచేలోగా నేను "నేనే తాతయ్యా" అని ఏడ్చేశాను.

తాతయ్య కారు దగ్గరికి వెళ్ళారు. అందులోంచి తాళం చెవిని తీసుకుని, తానే వచ్చి అతని చేతిలో పెట్టారు. "నా నోరు మంచిది కాదురా," అన్నారు. ఆయన అలా అనడం అంతకు ముందు ఎవరూ వినలేదు. నిమ్మకాయలు తొక్కించింది డ్రైవర్ మామే. మర్నాడు పనిముట్లు పూజలోంచి దిగాక, అత్త గరుకైన ఉప్పు కాగితం ఇచ్చి ఆ రంగంతా నా చేతే గీకించింది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఇంట్లో ఏది చెడినా ఒక్కొక్క భాగాన్నే అడుగుతూ పోవడం అత్త దగ్గర నేర్చుకున్నాను. అది నాకు బాగా పనికొచ్చింది. కానీ నేను మోస్తున్నది డ్రైవర్ మామ నేర్పింది. తప్పు నాదని తెలిశాక "నేనే" అనడానికి ఆ రోజు పట్టినంత సేపు మళ్ళీ ఎన్నడూ పట్టనివ్వలేదు. ఆ కాస్త సేపట్లో ఏ పాపం ఎరగని మరొకరు ఆ మాట అనేస్తారు.