ఫ్యూజ్ బదులు రాగి పోగు

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశాను. ఆ బడికి నేను చేసిన ఉపకారం అదొక్కటే. కారమడై ఊరి పక్క, డబ్బు కట్టి తుపాకులాట ఆడే స్థలంలో ఆ తుపాకులు బాగుచేసే మా మామను తలచుకుంటే, నా అంత చదువు కూడా లేకపోయెనే అని ఒళ్ళు మండుతుంది.

అవి ప్లాస్టిక్ గుళ్ళు చిమ్మే బ్యాటరీ తుపాకులు. లోపలి పళ్ళచక్రం ఇరుక్కుంటే మోటారు తిరగలేక కరెంటు విపరీతంగా లాగుతుంది. అప్పుడు ఫ్యూజ్ తాను కాలిపోయి బ్యాటరీని కాపాడుతుంది. మామేమో బావి మోటారు దగ్గర బతికినవాడు. ఫ్యూజ్ పోయిందంటే పాత వైరును పళ్ళతో చీల్చి, రాగి పోగు లాగి చుట్టేసేవాడు. చేనికి నీళ్ళు ఆగకూడదు, అంతే. తుపాకీకీ అదే వైద్యం చేశాడు.

"సుమ్మా సుమ్మా, ఊరికూరికే ఫ్యూజ్ పోతే ఆట ఎట్ల జరిగేది? ఇది పోదు, చూడరా!"

"అది పోదు మామా, మనమే పోతాము," అన్నాను. ఆటకొచ్చినవాళ్ళందరూ నవ్వారు. మామ కూడా నవ్వుతూ మూత బిగించి, ఆట చూడవచ్చిన మా చెల్లెలి చేతికే ఆ తుపాకీ ఇచ్చాడు.

చక్రం ఇరుక్కుంది. పోగు కాలలేదు, బ్యాటరీ మండింది. కుట్టుమిషను మీద బతికే పిల్లకు కుడి అరచెయ్యి తోలు ఊడింది.

ఆసుపత్రిలో నేను మామను తిట్టని తిట్టు లేదు. "ఆ పళ్ళు రాలగొడతాను! ఇంక వైరు ఎట్ల చీలుస్తాడో చూస్తాను!"

చెల్లెలు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది.

"మామకు తెలీదు, చుట్టినాడు. నీకు తెలిసే గదన్నా నవ్విస్తివి?"