రాణిగారి చిలక పగిలిన రోజు

మా పక్కింటి మామ్మగారు మొన్న పొద్దున్నే పోయారు. ఆవిడ చిన్నకొడుకు మా గేటు పట్టుకుని నిలబడి, "అమ్మ లేవట్లేదండీ" అన్నాడు.

యానాం అగ్రహారంలో మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. వాళ్ల ముందుగది బీరువాలో పాత పింగాణీ బొమ్మలుండేవి. బంగారు పట్టీ మెడకు కట్టిన కుక్క, ముడతల మొహంతో ఇంకో కుక్క, ఒక పచ్చటి చిలక. ఫ్రాన్సులో ఎవరో రాణి తాను పెంచుకున్నవి చచ్చిపోతే, వాటి పోలికలతో ఇవి చేయించుకుందట. ఫ్రెంచి దొరలు యానాం వదిలి వెళ్లిపోతూ మామ్మగారి మావగారికి ఇచ్చారట. నిజమెంతో తెలియదు. ఆవిడ మాత్రం వాటిని పాత చీర ముక్కతో తుడుస్తూ, "రాణీగారైనా కుక్క పోతే ఏడవాల్సిందే కదమ్మా" అనేవారు.

కొన్నేళ్ల కిందట ఒక వ్యాపారి వాటికి పెద్ద ధర చెప్పాడు. అన్నకు చెప్పకుండా చిన్నవాడు మాట ఇచ్చేశాడు. ఆ మధ్యాహ్నం అరుపులు విని నేను పరిగెత్తాను.

"తాతగారి సొత్తు అమ్మడానికి నువ్వెవడివిరా?" అంటూ పెద్దవాడు తమ్ముడి గొంతు పట్టుకుని తలను బీరువా కేసి బాదుతున్నాడు. అద్దం పగిలింది. చిన్నవాడు నోట్లో రక్తం ఉమ్మేసి, కొబ్బరికాయలు కొట్టే కత్తి అందుకున్నాడు. అడ్డం వెళ్లిన మామ్మగారిని ఎవరు తోశారో, గడపకు తగిలి నుదురు చిట్లింది. కత్తి పెద్దవాడి భుజంలో దిగింది. రక్తం గోడ మీదికి చిమ్మింది. అయినా అతను తమ్ముడి గొంతు వదలలేదు. కత్తి మళ్లీ లేచింది.

అప్పుడు భళ్లుమంది. మామ్మగారు లేచి, బీరువాలోంచి మొదటి కుక్కను తీసి నేలకేసి కొట్టారు. రెండోదీ కొట్టారు. చివరికి చిలకను.

"ఇప్పుడు దేనికోసం చంపుకుంటార్రా? చంపుకోండి!"

కత్తి కిందపడింది. ఆవిడ ఉత్తకాళ్లతో ఆ పెంకుల మీదే నడిచి వెళ్లి, పెద్దవాడి భుజానికి కొంగు అదిమారు. "ఆటో తేరా. అన్నయ్య రక్తం పోతంది" అన్నారు చిన్నవాడితో. అతను పరిగెత్తాడు.

పెద్దవాడు బతికాడు. అన్నదమ్ముల మధ్య మాటలు మాత్రం లేవు. ఆదివారాలు ఆవిడ ఇద్దర్నీ భోజనానికి పిలిచి, ఒకటే గిన్నెలో చేపల పులుసు మధ్యన పెట్టి, లేచి వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు. "గిన్నె ఇటు జరపమనడానికైనా నోరు తెరవాలి కదా" అనేవారు. చాలా ఆదివారాల తర్వాత ఇద్దరూ నోరు తెరిచారు.

"బొమ్మలు పోయాయని బాధ లేదా మామ్మగారూ?" అని ఒకసారి అడిగాను.

"లేకేం? ఆ చిలకంటే నాకు ప్రాణం. అందుకే దాన్ని ఆఖర్ని కొట్టేను."

ఇంట్లో నాకు కోపం నెత్తికెక్కినప్పుడల్లా ఆ మాట చెవిలో పడుతుంది. చేతిలో ఉన్నది కింద పెట్టేస్తాను. ఇది ఆవిడ నాకు చేసిన మేలు.

దహనం అయ్యాక అన్నదమ్ములిద్దరూ గోదావరిలో దిగారు. పోటు మీదుంది నది. పెద్దవాడు ఏడుస్తూ లోపలికి వెళ్లిపోతుంటే, చిన్నవాడు వెనకనుంచి అతని పంచె అంచు పిడికిట్లో పట్టుకున్నాడు. గట్టెక్కాక కూడా, దారి పొడవునా, వదల్లేదు.