అప్పయమ్మ పిన్నీ, ఖాళీగా కూర్చున్న సామాన్లూ

వస్తువు ఖాళీగా కనిపిస్తే అప్పయమ్మ పిన్ని కుదురుగా ఉండలేదు. ఖాళీగా ఉన్న మనుషులతో ఆమెకు పేచీ లేదు. వాళ్ళాయన పైడిరాజు బాబాయి డ్యూటీ దిగి వచ్చి రోజంతా మంచం మీద దొర్లినా పల్లెత్తు మాట అనేది కాదు. ఆ మంచం కింద వాడని ట్రంకుపెట్టె కనిపిస్తే మాత్రం, సాయంత్రానికి అది ఊరెళ్ళేవాళ్ళ చేతిలో ఉండేది.

ఎనభైల్లో బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మేం పక్కపక్కనే ఉండేవాళ్ళం. మా ఇంటికొస్తే పిన్ని ముందు నా మొహం చూసేది కాదు, అటక చూసేది.

"ఉషా, ఆ ఉయ్యాల అక్కడేటి సేత్తన్నాది?"

"బాబు పెద్దాడయ్యాడుగా పిన్నీ. కబాడీవాడికి వేసేద్దామని..."

"కబాడీకా! నిచ్చేపంలాటి ఉయ్యాలని ఇరగ్గొట్టి ఇనుం కింద అమ్మేత్తాడు. దించు!"

ఆ తర్వాత మా క్వార్టర్ల వరసలో పుట్టిన పిల్లలందరినీ అదే ఊపింది. ఎవరింట్లో విశేషమో డాక్టరమ్మ కంటే ముందు ఆ ఉయ్యాలకే తెలిసేదని మా ఆయన అనేవారు.

గోల్ బజార్‌లో కొత్త సామాను కొనాలంటే దొంగతనానికి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళం. ఒకసారి ఇస్త్రీపెట్టె కొని కొంగు కింద దాచుకొస్తుంటే నా రిక్షాని పిన్ని ఆపేసింది.

"మన వరసలో త్రినాథరావు ఇంట్లో ఇస్త్రీపెట్టి ఆదివారం తప్ప అటక దిగదు. మళ్ళీ ఇదేటే? తిరిగిచ్చీ, ఎల్లు!"

పిన్నిని మౌసీ అని పిలిచే దుకాణంవాడు నన్ను చూడగానే, "అచ్ఛా, మౌసీకి దొరికిపోయారా?" అంటూ పెట్టె వెనక్కి తీసుకున్నాడు.

అలాంటి రోజుల్లో ఊరి చివర లాల్‌ఖదాన్‌లో మా తెలుగువాళ్ళే అయిన కనకం వాళ్ళింట్లో స్టవ్ పేలింది. మనుషులకేం కాలేదు గానీ సామానంతా బొగ్గయింది. ఆమె భర్త సూర్యం స్టేషన్లో పార్సెళ్ళు మోసేవాడు. మేమంతా గిన్నెలూ దుప్పట్లూ పట్టుకెళ్తే కనకం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వద్దమ్మా. మేం ముష్టెత్తుకునేవోళ్ళం కాదు. అట్టుకెళ్ళిపోండి."

ఆమె కూతురు మాత్రం తల్లి కొంగు పట్టుకుని దుప్పట్ల వైపే చూస్తోంది. పిన్ని ఇదేమీ పట్టనట్టు పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళి, అక్కణ్ణుంచి అరిచింది.

"ఏటే కనకం! ఇంత మంచి రుబ్బురోలెట్టుకుని మాకొక్క మాటైనా సెప్పలేదేటే?"

కనకం తెల్లబోయింది. "రాయి కాబట్టి అదొక్కటీ మిగిలినాది."

"మా మిక్సీల్లో గారెల పిండి నీళ్ళోడతన్నాది. దసరాకి మా వరసంతా ఇక్కడే రుబ్బుకుంటాం. కాదన్నావంటే ఊరుకోను. ఈ సామాన్లంటావా, మా ఇళ్ళల్లో ఊరికే కూకున్నాయి. నీ దగ్గరుంచు. నీకు అక్కర తీరాక ఇంకొకరికిచ్చీ. నా గుమ్మంలోకి మాత్రం తేకు."

కనకం గుమ్మం నుంచి పక్కకు జరిగింది.

"పప్పు నానబోసుకుని పొద్దున్నే రండి. ఎండెక్కితే పెరట్లో నిలబడలేరు."

దసరాకి ఆ పెరడు కిటకిటలాడింది. కనకం మాకు వంతులు వేస్తూ, పప్పు సరిగా నానలేదని కేకలేస్తోంది. నేను పిన్ని చెవి దగ్గరికి వంగాను.

"పిన్నీ, మీ పెరట్లో గోనెపట్టా కప్పిపెట్టింది రుబ్బురోలే కదూ?"

"అవును. ఏటైతే?"

"అది ఖాళీగా కూర్చుంది కదా?"

పిన్ని మోచేత్తో నా డొక్కలో ఒక్కటిచ్చింది.

"ఎహె, నెమ్మదిగా అనవే! కనకం ఇంటాది."