అమ్మవారి చెంప మీద ఆగిపోయిన చెయ్యి

ఆ రోజు నేను అమ్మవారి ఎడమ చెంపకు నునుపు పెడుతున్నాను. మా ఆళ్ళగడ్డ ఇంటి పక్కనే మాకు శిల్పాల షెడ్డు ఉంది. మా ఇంట్లో ఉలి మగవాళ్ళది, నునుపు ఆడవాళ్ళది. మా ఆయన ముక్కూ నోరూ తీర్చి లేచాక నేను కూర్చుంటాను. నీళ్ళు పోసుకుంటూ ముతక సానరాయితో మొదలుపెట్టి తడిపి రుద్దే సన్న గరుకుకాగితం దాకా రుద్దుతాను. ఉలి దిగిన నల్లరాయి మొదట బూడిదరంగులో ఉంటుంది. రుద్దేకొద్దీ లోపలి నలుపు పైకి వస్తుంది. పెళ్ళయిన ఏడాదే మా అత్త నాకీ పని నేర్పింది. వంట కంటే ముందు నాకు వచ్చిన పని ఇదే, వంట ఇప్పటికీ అంతంతమాత్రమే.

ఉన్నట్టుండి గుండెల దగ్గర పుట్టిన వేడి మెడ మీదుగా తలకెక్కింది. జాకెట్టు చెమటతో తడిసిపోయింది. గుండె దడదడ కొట్టుకుంది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. మా ఆయన తలెత్తి చూసి, "ఏందీ, ముఖం అట్లయిపాయ? ఎండకా?" అన్నాడు. అంతలోనే నాకు తెలిసింది, నెలసరి వచ్చింది. పోయినసారిది అయి రెండు వారాలు కూడా కాలేదు.

మా ఇంటి ఆచారం ఒకటి ఇక్కడ చెప్పాలి. నెలసరిలో ఉన్న మనిషి దేవుడి విగ్రహాన్ని ముట్టదు. షెడ్డు గడప కూడా దాటదు. దాన్ని నేనెప్పుడూ తప్పనుకోలేదు, ఆ నాలుగు రోజులూ నడుముకు సెలవు అనుకునేదాన్ని. నా లెక్క ఎప్పుడూ తప్పలేదు కాబట్టి ముందురోజే చేతులు కడుక్కుని ఇంట్లోకి వచ్చేసేదాన్ని. ఈసారి చెయ్యి అమ్మవారి చెంప మీద ఉండగానే అయింది. ఎవరికీ చెప్పలేదు. తలనొప్పి అని లేచి వచ్చేశాను. మిగిలిన పని మా ఆయనే ముగించాడు. ఆ వారంలోనే కొలిమిగుండ్ల దగ్గరి ఒక ఊరివాళ్ళు వచ్చి, ట్రాక్టరులో గడ్డి పరిచి, మేళాలతో అమ్మవారిని తీసుకెళ్ళారు.

నా భయం ఆ ట్రాక్టరు వెనకే మొదలైంది. ఆ ఊరికి ఏమైనా అయితే అది నా వల్లే. ఈ మాట తలలో పడిందంటే ఇక బయటికి పోదు. ఆ ఊరి పెద్దమనిషి నంబరు మా ఆయన ఫోనులో చూసి, ఆయన లేనప్పుడు చేశాను.

"అమ్మోరు బాగుండాదా అన్నా?"

"రాతి అమ్మోరికి ఏమయితదమ్మా, బాగుండాది."

"ఊర్లో అంతా బాగేనా?"

"అంతా బాగే. మా తమ్ముని ఎనుము మాత్రం నిన్న సచ్చిపోయ. ముసిల్ది లే."

ఆ ముసలి గేదె నన్ను ఎన్ని రాత్రులు నిద్రపోనివ్వలేదో ఆయనకు తెలియదు. తర్వాత వానలు పడ్డాయా అని ఒకసారి, పిల్లలకు జ్వరాలేమైనా ఉన్నాయా అని ఇంకొకసారి చేశాను. చివరికి ఆయనే, "ఏమ్మా, అమ్మోర్ని అమ్మినారా, కూతుర్ని ఇచ్చినారా? ఇన్నిసార్లు అడుగుతాండావ్" అని నవ్వాడు. నేనూ నవ్వి ఫోను పెట్టేసి, వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

నెలసరి ఒకసారి రెండు నెలలకు వచ్చేది, ఒకసారి పది పన్నెండు రోజులకే. ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు షెడ్డులోకి ఎలా పోవడం? కడుపులో కాస్త నొప్పి తోస్తే చాలు, చేతిలో సానరాయి పెట్టేసి వచ్చేసేదాన్ని. అలా అలా పోవడమే మానేశాను. మోకాళ్ళ నొప్పులని మా ఆయనకు చెప్పాను. మా ఆయన నునుపు పనికి ఊర్లోనే వేరే మనిషిని పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి నెలల గురించి చెప్పడం కష్టం. వంటింట్లో కూర్చుంటే షెడ్డులో చప్పుళ్ళు వినిపించేవి. ఏది ముతక ఉలో ఏది సన్న ఉలో చెవికి తెలుస్తుంది. ఉలి ఆగి నీళ్ళ చప్పుడు మొదలైతే నా వేళ్ళు ఊరుకునేవి కావు, పళ్ళెం అడుగునో గడప మీదో రుద్దుతూ ఉండేవి. నాకు రాయి కావాలి. తడిసిన రాయి వాసన కావాలి. రాయి మీద నీళ్ళు పోసి తుడిచినప్పుడు నన్ను నేను చూసుకునే ఆ లోపలి నలుపు కావాలి. ఇంట్లో అందరూ ఉన్నా, కావలసిన మనిషెవరో దూరదేశం పోయినట్టు ఉండేది. ఆ పోయిన మనిషిని నేనే అని నాకప్పుడు తెలియదు.

మా కూతురికి ఆ ఏడాదే పెళ్ళి చేసి ఆత్మకూరు పంపాం. అందుకని అందరూ కూతురి బెంగ అన్నారు. మా అత్త అహోబిలం తీసుకెళ్ళి దండం పెట్టించి చేతికి దారం కట్టించింది. దారం ఉన్నా దడ ఆగలేదు.

ఆళ్ళగడ్డలో ఒక డాక్టరుకు చూపించాం. ఈసీజీ తీసి నార్మల్ అన్నాడు. నంద్యాలలో గుండె డాక్టరు టూడీ ఎకో చేశాడు, థైరాయిడ్, షుగర్, రక్తం అన్నీ చూశాడు. "గుండెకేం లేదమ్మా. రక్తం కొంచెం తక్కువుంది. టెన్షన్ తగ్గించుకో" అన్నాడు. టెన్షన్ తగ్గించుకో అనడం, జ్వరం వచ్చినవాళ్ళను చల్లగా ఉండమనడం లాంటిది. నెలసరి గురించి ఆయన అడగలేదు. పక్కన మా ఆయన, ఎదురుగా మగ డాక్టరు. నేను చెప్పలేదు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా గుండె దడ, నిద్ర లేదు, ఆకలి లేదు అనే మూడు మాటలే చెప్పి వచ్చేదాన్ని.

ఒకసారి రక్తస్రావం రెండు వారాలు ఆగలేదు. నీళ్ళు పోసుకునే బచ్చలి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయాను. అప్పుడు మా ఆయన నంద్యాలలో గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. నడివయసు డాక్టరమ్మ. స్కానింగు చూసి గడ్డలేమీ లేవంది. మా ఆయన వైపు తిరిగి, "మీరు కాసేపు బయట కూర్చోండి" అంది. తలుపు మూసుకున్నాక అడిగింది, "నెలసరి ఎప్పటి నుంచి తేడాగా వస్తోంది? ఈ భయం, ఏడుపు ఎప్పటి నుంచి?"

నేను రెండింటికీ ఒకే జవాబు చెప్పాను. చెప్పాక నాకే ఆశ్చర్యమయింది. అంతవరకూ ఆ రెండింటినీ నేను పక్కపక్కన పెట్టి చూడనే లేదు.

"దీన్ని పెరిమెనోపాజ్ అంటారమ్మా. నెలసరి పూర్తిగా ఆగేముందు కొన్నేళ్ళు హార్మోన్లు ఎక్కువ తక్కువ అవుతుంటాయి. కొందరికి ఒంటి వేడితో పోతుంది. కొందరికి డిప్రెషన్, యాంగ్జైటీ వస్తాయి. నువ్వు తెచ్చుకున్నది కాదు, నీ తప్పు కాదు" అంది. తప్పు కాదు అనే మాట నాతో అన్న మొదటి మనిషి ఆమె. రక్తస్రావానికి మందులు, ఐరన్ మాత్రలు ఇచ్చి, మనసుకు సైకియాట్రిస్టును కూడా చూడమని రాసింది.

బస్సులో మా ఆయన మందుల చీటీ మడుస్తూ విప్పుతూ కూర్చున్నాడు. ఆళ్ళగడ్డ వచ్చేముందు, "పిచ్చి డాక్టరంటే ఊర్లో ఏమనుకుంటారో" అన్నాడు. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని తినకుండా లేచి వచ్చి, "రేపు పోదాం పా. అనుకునేటోళ్ళు అనుకోనీ. నువ్వు ఇట్లుంటే నాకు ఉలి పట్టబుద్ధి కాలే" అన్నాడు. మా ఆయన నాతో అన్నేళ్ళలో అన్న అతి పొడవైన ప్రేమ మాట అదే.

సైకియాట్రిస్టు తిన్నగా అడిగాడు, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" పడుకుంటే మళ్ళీ లేవకుంటే బాగుండు అనిపిస్తోందని చెప్పాను. ఆయన గాభరా పడలేదు. మా ఆయనను పిలిచి, కొన్నాళ్ళు నన్ను ఒంటరిగా వదలొద్దని, అలాంటి ఆలోచన గట్టిపడితే ఏ వేళైనా తీసుకురమ్మని చెప్పాడు. తర్వాత, "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాడు. "చేసేదాన్ని" అన్నాను. ఆ ఒక్క మాటకు ఏడుపు ఆగలేదు. అమ్మవారి చెంప, ట్రాక్టరు, ఎనుము, అన్నీ చెప్పాను. మా ఆయన అవన్నీ మొదటిసారి వింటున్నాడు.

డాక్టరు ఆచారం మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. "దేవుడి సంగతి నాకు తెలీదు. నువ్వు పని లేకుండా మాత్రం ఉండొద్దు. మీ షెడ్డులో అన్నీ దేవుళ్ళేనా?" అన్నాడు.

అన్నీ దేవుళ్ళు కాదు. ఆ నెల షెడ్డు బయట పందిట్లో ఒక నాయకుడి విగ్రహం ఉంది, చేయెత్తి నిలబడి. మా అత్త దాన్ని చూసి, "నాయకునికి మైలేంది? ఆయప్పకే నూరు మైలలు ఉండాయి. రుద్దుపో" అంది. నేను నవ్వాను. నవ్వి ఎంత కాలమయిందో.

మాత్రలు మొదలుపెట్టిన మొదటి పది రోజులు కడుపులో తిప్పింది, దడ ఇంకాస్త పెరిగింది. డాక్టరు ముందే చెప్పాడు కాబట్టి ఓర్చుకున్నాను. పొద్దున ఒక గంట నాయకుడి బుగ్గలు రుద్దేదాన్ని. చెయ్యి బరువుగా ఉండేది, నీళ్ళు పోసి మధ్యలో మరిచిపోయేదాన్ని. నెల దాటాక ఒకరోజు చూసుకుంటే ఆ గంట మూడు గంటలయింది. నిద్ర పట్టింది. చారులో ఉప్పెక్కువయిందని నేనే అన్నాను, అంటే రుచి తెలిసిందన్నమాట.

బాగయిపోయింది కదా అని మాత్రలు నేనే మానేశాను. అలవాటైపోతాయని ఎవరో అన్నారు. వారం తిరగకుండానే తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనేది. నెలలోపల పాత భయాలన్నీ చుట్టాల్లా తిరిగొచ్చాయి. మళ్ళీ ఆ ఊరికి ఫోను చేశాను. సైకియాట్రిస్టు కోప్పడలేదు. "మాన్పించేటప్పుడు నేను మెల్లగా మాన్పిస్తా. నువ్వు మానొద్దు" అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి. అన్నిటికంటే ఆ రెండోసారే నాకు కష్టమయింది, ఎందుకంటే బాగుండడం ఎలా ఉంటుందో చూసి వచ్చాను కదా.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం కందులు చెరుగుతూ మా అత్తకు చెప్పాను, చెయ్యి అమ్మవారి చెంప మీద ఉండగానే నెలసరి అయిందని. తిడుతుందనుకున్నాను. చేట కింద పెట్టింది.

"నా చేతికింద గూడా అయింది, రెండు మార్లు" అంది. "ఆ అమ్మోర్లు ఇప్పుటికీ గుళ్ళల్లో పూజలు అందుకుంటాండారు."

"మరి నువ్వేం జేస్తివత్తా?"

"ఏం జేస్తా. నీ మాదిరే బయటికొస్తి. నిద్ర ల్యా, తిండి ల్యా. గాలి సోకిందన్రి. కొలిమిగుండ్లలో మా చెల్లెలి ఇంట్లో రెండేండ్లు పెట్నారు. వచ్చినాక మీ మామ వద్దన్లే, నేనే పోలే. నువ్వు కోడలుగా వస్తివి, పని నీకు చేతికిస్తి. అంతే."

నాకు అంత శ్రద్ధగా పని నేర్పిన మనిషి తాను ఎప్పుడూ సానరాయి ఎందుకు పట్టదో నేను అన్నేళ్ళలో ఒక్కసారి అడగలేదు. వయసైపోయిందనుకున్నాను. నేను కోడలుగా వచ్చేనాటికి ఆమెకు ఇప్పటి నా వయసు కంటే నాలుగైదేళ్ళే ఎక్కువ.

"తెలిసి పోవద్దు. తెలియకుండా అయితే చేతులు కడుక్కుని లేచిరా. దానికి అమ్మోరు అలగదు. ఆయమ్మా ఆడదే" అంది.

ఆ మాట మందు పని చేస్తున్నప్పుడు పడింది కాబట్టి లోపలికి దిగింది. ఆరు నెలల ముందు ఇదే మాట అని ఉంటే నాకు వినిపించేది కాదు. రెండింటిలో దేని వల్ల బాగయ్యానని అడిగితే, నేను రెండింటికీ దండం పెడతాను.

ఇప్పుడు షెడ్డులోకి పోతున్నాను. నెలసరి ఇంకా ఆగలేదు, ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది. వేడి ఆవిర్లూ వస్తాయి, తడిగుడ్డ మెడ మీద వేసుకుని కూర్చుంటాను. మాత్ర డోసు తగ్గించారు, మానలేదు. పొద్దున నడుస్తాను. మునుపటి నేను పూర్తిగా రాలేదు. ఏ ఆలోచనా లేకుండా పొద్దుగూకేదాకా రాయి మీద వంగి ఉండే ఆ మనిషి మీద నాకిప్పటికీ బెంగే. ఆమె కనిపిస్తే కూర్చోబెట్టి అన్నం పెట్టాలనుంటుంది.

మొన్న ఒక అమ్మవారి పాదాలు నునుపు పెడుతుంటే మా అత్త గడప దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే వద్దంది. నేను లేచి, తడి చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుని తెచ్చి రాయి మీద పెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని వేళ్ళతో మెల్లగా తడిమింది. చాలాసేపు తియ్యలేదు. తర్వాత, "ఈ మడమ కాడ ఇంకా గరుకుండాది. సరిగ్గా రుద్దు" అని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

చదివే ఆడవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. నలభై దాటాక నిద్ర పోయినా, దడ వచ్చినా, ఊరికే ఏడుపొచ్చినా, డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు నెలసరి సంగతి కూడా చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి. పక్కన ఉన్న మగవాళ్ళను కాసేపు బయట కూర్చోమనండి, వాళ్ళేమీ అరిగిపోరు. మా అత్తకూ నాకూ వచ్చింది ఒకటే జబ్బు. నేను మళ్ళీ రాయి దగ్గరికి వచ్చాను, ఆమె రాలేదు. నన్ను తలుపు మూసి అడిగిన మనిషి ఒకరున్నారు. మా అత్తను ఎవరూ అడగలేదు, నాతో సహా.